గానుగల వీధి బోర్డు

అనంతపురంలో మా వీధికి ఎనిమిది రోజులకొకసారి నీళ్లు వచ్చిన ఏడాది అది, 2001. ఏప్రిల్ నెల. అప్పుడు ఎవరు ఎవరికి ఎదురుపడినా మొదటి మాట "నీళ్లొచ్చెనా?" అనే. అన్నం తిన్నావా అనేది ఆ తర్వాత.

మాది గానుగల వీధి. ఒకప్పుడు ఇంటింటికీ గానుగ ఉండేదట. నేను కాపురానికి వచ్చేటప్పటికి మూడు మిగిలాయి, తర్వాత అవీ పోయాయి. కదిరప్ప మామ ఇంటి ముందు మాత్రం రాతి గానుగ ఒకటి బోర్లా పడి ఉంది. ఆయన రోజంతా దాని మీద కూర్చుని బీడీ తాగుతుంటాడు. ఆయన గోడ మీద మున్సిపాలిటీ వాళ్లు ఎప్పుడో నల్లరంగుతో వేసిన వార్డు నంబరు ఉంది, 14. దాని పక్కనే మేకుకు నా బోర్డు వేలాడుతుంది.

నా బోర్డు అంటున్నాను కానీ అది రాత్రి బడిది. నా భర్త పోయిన మూడో ఏట మా వీధి ఆడవాళ్లకు చదువు చెప్పడానికి ఆ బడి పెట్టారు. ఇరవై మందిమి చేరాం, ముగ్గురం మిగిలాం. మిగతా ఇద్దరూ తర్వాత ఊళ్లు మారారు. బడి మూసేసిన రోజు పంతులమ్మ బోర్డూ సుద్దముక్కల డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లింది. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు.

నేను పొద్దున ఇంటి ముందు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు అమ్ముతాను. ఎదురుగా హోటలు లింగప్ప పేపరు తెప్పిస్తాడు. తను చూసేశాక జిల్లా పేజీలు నాకిస్తాడు. అందులోంచి మాకు కావలసిన నాలుగు ముక్కలు బోర్డు మీద రాస్తాను. నీళ్లు ఎప్పుడు, కరెంటు ఎప్పుడు పోతుంది, కదిరి బస్సు టైము మారిందా, పక్క వీధుల్లో ఎవరు పోయారు. బజ్జీల కోసం నిలబడ్డ ఆడవాళ్లకు చదువు రాదు కాబట్టి రాసింది నేనే పైకి చదువుతాను. ఒకరోజు రాయకపోతే "ఏమక్కా, ఈ పొద్దు ఊళ్లో ఏమీ జరగలేదా?" అని అడిగేవాళ్లు. ఆ మాట వినడానికి ఒకటి రెండు రోజులు కావాలనే ఆలస్యం చేశాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

అంతకుముందు నీళ్ల సంగతి తిప్పేష్ చెప్పేవాడు. నీళ్లు వదిలే మనిషి. ముందు రోజు సాయంత్రం సైకిల్ గంట కొట్టుకుంటూ వీధిలో ఒక చుట్టు వచ్చేవాడు. ఆ గంట వింటే అందరూ బిందెలు తెచ్చి కొళాయి దగ్గర వరసలో పెట్టేవాళ్లు. ఆ ఏడు అతనికి ఇంకో రెండు ఏరియాలు అప్పజెప్పారు, గంట కొట్టడం మానేశాడు. పేపర్లో వీధుల పేర్లతో వేస్తుండేవారు, దాన్ని చూసి నేను రాస్తుండేదాన్ని. ఏప్రిల్ రెండో ఆదివారం నాటి పేపర్లో వీధుల పేర్లు లేవు. వార్డు నంబర్లే ఉన్నాయి. సోమవారం 17, 18, 19. బుధవారం 14, 15, 16.

గోడ మీది 14 వైపు ఒకసారి చూసుకుని, సోమవారం మనకు నీళ్లు రావు, బుధవారం వస్తాయని రాశాను. చదివాను.

గంగాదేవి బజ్జీల పొట్లం పట్టుకుని అక్కడే నిలబడింది. ఆమె కూతురికి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. బుధవారం ఇంటికి పంపిస్తారు, గురువారం పురుడు. కళ్యాణదుర్గం నుంచి వియ్యంకులు వస్తారు, ఇంటినిండా నీళ్లు కావాలి.

"తిరుపాలక్కా, రేపు ఇంట్లో ఉండల్లా, మిల్లుకు పోవల్లా? సరిగ్గా చెప్పు. మిల్లులో రేపు ఆఖరి లోడంట. పోకపోతే మళ్లీ పనికి పిలిచేది లేదంటాండాడు మేస్త్రీ."

"పోయిరా గంగా. బుధవారం దాకా చుక్క రాదు."

"నమ్మొచ్చునా?"

"పేపర్లో అచ్చేసినారు."

వెనక నుంచి మల్లీశ్వరి నవ్వింది. ఆమె రాత్రి బడికి ఒక్కరోజు వచ్చి, నిద్ర వస్తోందని వెళ్లిపోయిన మనిషి. "పేపరోడు వచ్చి మన బిందెలు మోస్తాడా? తిప్పేష్‌ను అడిగినావా అక్కా?"

"తిప్పేష్ కన్నా పేపరే గట్టిది," అన్నాను.

సోమవారం పొద్దున ఏడుకల్లా ఆడవాళ్లంతా వేరుశనగ మిల్లుకు వెళ్లిపోయారు. మగవాళ్లు కూలికి, పిల్లలు ఒంటిపూట బడికి. వీధిలో తాళాలు, నేను, కదిరప్ప మామ, హోటల్లో లింగప్ప. తొమ్మిదిన్నరకు పొయ్యి ఆర్పి బాణలి తోముతుంటే కొళాయి బుసకొట్టింది.

"ఏమ్మా తిరుపాలమ్మా, ఆ సద్దేంది?"

"గాలేమో మామా."

"గాలి ఇంతసేపు రాదు," అన్నాడు ఆయన బీడీ ఆర్పుతూ.

నేను లేచేలోపు నీళ్లు వచ్చాయి. మొదట ఎర్రగా, తర్వాత తేటగా, లావుపాటి ధార. వీధి చివర తల విరిగిన కొళాయి ఒకటి ఉంది, దానికి అడ్డం లేదు. అక్కడ నీళ్లు నేరుగా కాలువలో పడుతున్నాయి. ఎవరివో మేకలు ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి కాలువలో మూతులు పెట్టాయి.

ఎటు పోవాలో తెలియలేదు. మిల్లు రెండు మైళ్ల దూరం. పోయి పిలుచుకొచ్చేలోపు నీళ్లు ఆగిపోతాయి. పక్కింటి సువర్ణ తలుపు తాళం లాగాను. గంగాదేవి తలుపు తోశాను. బిందెలన్నీ లోపల. తాళంచెవులు వాళ్ల కొంగుల్లో. చీర పాత ముక్క తెచ్చి విరిగిన కొళాయిలో కుక్కాను, ఒత్తిడికి అది బయటికి ఎగిరింది. మళ్లీ కుక్కాను. మళ్లీ ఎగిరింది. దాన్ని వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

నా ఇంట్లో నీళ్లు పట్టేవి ఏమున్నాయో అన్నీ వీధిలోకి వచ్చాయి. డ్రమ్ము, మూడు బిందెలు, బొరుగులు నానబెట్టే గంగాళం, పిండి కలిపే బేసిన్లు, ఇంకా నూనె జిడ్డు వదలని బాణలి కూడా. లింగప్ప రెండు పాల క్యాన్లు ఇచ్చాడు. కదిరప్ప మామ తన కుండలు ఒక్కొక్కటే పొట్టకు ఆనించుకుని తెచ్చాడు. నింపుతున్నాను, మోస్తున్నాను, కారుతున్న నీళ్లను చూస్తున్నాను. మోసిన దానికన్నా పోయినదే ఎక్కువగా కనబడుతోంది.

అంతలో తిప్పేష్ సైకిల్ మీద వచ్చాడు. ఖాళీ వీధిని చూసి కాలు కింద పెట్టి నిలబడిపోయాడు.

"ఏమప్పా, ఎవురూ లేరేంది? ఇంత కరువులో నీళ్లు కాలవలో పోతాండాయి!"

"మాకు బుధవారం గదా తిప్పేషూ! పద్నాలుగో వార్డు గదా మాది!"

"ఎవురు చెప్పినారు? మీది పదిహేడు. పోయిన ఓట్లప్పుడే మార్చినారు గదమ్మా. మీ చేతికిచ్చిన చీటీలో లేదా?"

చీటీలో ఉండే ఉంటుంది. పార్టీవాళ్లు మమ్మల్ని ఆటోల్లో ఎక్కించి, ఇక్కడ దిగండి, ఈ గుర్తు మీద వేయండి అన్నారు. చీటీలో బొమ్మ చూసుకున్నామే గాని నంబరు ఎవరు చూశారు? నేనూ చూడలేదు, చదువు వచ్చి కూడా. ఊరంతా ఇప్పటికీ మమ్మల్ని పద్నాలుగో వార్డువాళ్లనే అంటారు.

"సాయంత్రం ఇంకొకసారి వదలప్పా. నీ కాళ్లు మొక్కుతా."

"ట్యాంకులో ఉంటే గదా. ఇంకో పది నిమిషాలు ఎక్కువ వదుల్తా. అంతే నా చేతిలో ఉండేది." సైకిల్ తిప్పుకుని వెళ్లాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత ధార సన్నబడి, బొట్లు పడి, ఆగింది.

ఆ మధ్యాహ్నం కూర్చోలేకపోయాను. బోర్డు దగ్గరికి వెళ్లడం, రావడం. మూతలు తీసి నీళ్లు చూడడం, మూయడం. కాలువ త్వరగా ఎండిపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను కూడా. ఎండలేదు.

సాయంత్రం తల నిండా పొట్టు దుమ్ముతో వాళ్లు వచ్చారు. మొదట చూసింది సువర్ణ.

"కాలవ తడిగా ఉండాదేందత్తా?"

చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

గంగాదేవి అరవలేదు. "చుక్క రాదన్నావే," అంది.

"చుక్క యాడొచ్చింది గంగా," అంది మల్లీశ్వరి, "ఏరే వచ్చిపోయిండాది."

సువర్ణ మాత్రం వదల్లేదు. "తిప్పేష్ గంట కొడితే పట్టుకుంటాంటిమి. మాకేం తక్కువైంది? నీ బోర్డు వచ్చినాక గదా మేము అతన్ని అడగడం మానేసింది. తెలియకపోతే తెలియదని చెప్పల్ల గానీ, పేపరంట, అచ్చంట!"

డ్రమ్ము గంగాదేవిని తీసుకొమ్మన్నాను. ఆమె నా మొహం చూడకుండా బిందె తర్వాత బిందె ముంచుకుని వెళ్లింది. మిగిలినవి ఇంటికొక బిందె చొప్పున తొమ్మిది ఇళ్లకు సరిపోయాయి. మిగతా ఇళ్లవాళ్లు ఖాళీ బిందెలతో పక్క వీధి బోరింగుకు వెళ్లారు. తాగడానికి నాకొక బిందె మిగిలింది. బొరుగులు నానబెట్టడానికి నీళ్లు లేకపోతే ఉగ్గాని లేదు. మర్నాడు పొయ్యి వెలిగించలేదు.

మంగళవారం లేచి చూస్తే బోర్డు మీద అక్షరాలు లేవు. ఎవరో అరచేత్తో తుడిచేశారు. అయిదు వేళ్ల గీతలు తెలుస్తున్నాయి. మేకు మీంచి దాన్ని దించబోయాను.

"తీసేస్తాండావా?" అన్నాడు గానుగ మీంచి కదిరప్ప మామ.

"తప్పు రాసినా మామా."

"ఆ పద్నాలుగు యా గోడ మీదుండాది? నా గోడ మీదనే గదా. పొద్దుగూకులూ దాని ముందరే కూర్చోనుండా. నన్నొక్కరూ తిట్టలేదే! తిట్టమను, ఇద్దరం పంచుకుందాం." గోడ వైపు చెయ్యి చూపించాడు. "బోర్డు తీస్తే తియ్యి. ఆ నంబరు మాత్రం అట్లనే వదిలిపెట్టి పోవద్దు."

ఆయన ఇంట్లోనే సున్నం ఉంటే 14 మీద రెండు పూతలు పూశాను. అది ఆరేదాకా నిలబడి, బొగ్గుతో 17 వేశాను. తర్వాత బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. బుధవారం పొద్దున ఆడవాళ్లు పనులకు పోయే దారిలో నిలబడి పైకి చదివాను.

"గానుగల వీధి 17వ వార్డు. సోమవారం నీళ్లు రావని రాసింది తప్పు. తప్పు పేపరుది కాదు. రాసిన తిరుపాలమ్మది. మళ్లీ నీళ్లు ఎనిమిదో రోజున, వచ్చే మంగళవారం."

ఎవరూ ఆగలేదు. సువర్ణ నన్ను దాటి వెళ్లిపోయింది. గంగాదేవి ఆసుపత్రికి పోయే హడావిడిలో తల కూడా తిప్పలేదు. మల్లీశ్వరి పది అడుగులు పోయి వెనక్కి వచ్చింది.

"ఆ పదిహేడు యాడుండాది, చూపీ. నువ్వు చదివితే వినేది లేదు ఇంక. నేనే చూసుకుంటా."

"ఇదో. ఒకటేమో నిలువు కట్టె. ఏడేమో కొడవలి."

"కట్టె, కొడవలి," అంది. గోడ మీది బొగ్గు నంబరు మీద వేలు పెట్టి రెండుసార్లు దిద్దింది. వేలికి అంటిన బొగ్గును కొంగుకు తుడుచుకుంటూ వెళ్లింది.

గురువారం గంగాదేవి ఇంట్లో పురుడు జరిగింది. డ్రమ్ము నీళ్లతోనే తల్లీ బిడ్డా స్నానం చేశారు. వీధంతటికీ పిలుపు వచ్చింది, నాకూ వచ్చింది, ఆమె చెల్లెలి చేత. వెళ్లాను. గుమ్మం దగ్గరే కూర్చుని వచ్చేశాను.

తర్వాతి సోమవారం పేపరు నాకంటే ముందు మల్లీశ్వరి చేతిలోకి పోయింది. లింగప్ప హోటల్ బల్ల మీద పరిచి, కట్టె, కొడవలి అనుకుంటూ వేలితో వెతికింది. "దొరికినాది!" అని అరిచింది. వంగి చూశాను. అది ఎక్కడో 17 మేకలు దొంగలపాలైన వార్త.

"నీళ్ల వార్త కింద ఉంటాది, ఆ గళ్లలో."

"చెప్పొద్దంటి గదా!" మళ్లీ వెతికింది. ఈసారి సరైనదే. దాని మీద వేలు తీయకుండా, పక్కన ఏముందో నన్ను చదవమంది. మంగళవారం అని చదివాను. ఆ ఒక్క మాటను లింగప్ప చేత కూడా చదివించుకుని గాని నమ్మలేదు.

మంగళవారం ఎవరూ మిల్లుకు పోలేదు. ముందు రోజు సాయంత్రం నుంచే బిందెలు వరసలో ఉన్నాయి. తొమ్మిదయింది, పదయింది. కొళాయి పొడిగా ఉంది. పదిన్నరకు అందరూ నా వైపు చూడడం మొదలుపెట్టారు.

"నువ్వు గూడ చూసినావు గదా పేపర్లో?" అని సువర్ణ మల్లీశ్వరిని అడిగింది.

"చూసినా. కట్టె, కొడవలి. బాగుండాయి రెండూ," అంది మల్లీశ్వరి. కానీ లేచింది. కొళాయికి చెవి ఆనించింది, కూర్చుంది. మళ్లీ లేచింది. "ఏమక్కా, పేపరోళ్లు గూడ నీ మాదిరి తప్పు రాస్తారా?" అని గుసగుసగా అడిగింది.

"రాస్తారు."

"మరి ముందే చెప్పొద్దా!" అని నా పక్కనే చతికిలబడింది.

గంగాదేవి మనవరాలిని ఎత్తుకుని నిలబడి ఉంది. ఆమె బిందె వరసలోంచి పక్కకు జరిగింది. దాన్ని సరిచేసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చుట్టూ చూసి, బిడ్డను నా ఒడిలో పెట్టింది. బిందె సర్దుకుంది. సర్దుకున్నాక కూడా బిడ్డను వెంటనే తీసుకోలేదు.

పదకొండుకు కొళాయి బుసకొట్టింది.

"గాలి," అంది సువర్ణ.

"ఉండండే," అన్నాడు కదిరప్ప మామ.

బుస ఆగలేదు. అందరం కొళాయి మూతి వైపు చూస్తూ కూర్చున్నాం.