అంగడి పటంలో అత్త చోటు

జార్జి టౌన్‌లో మావయ్య వరదరాజులుకు ఇంగువ అంగడి ఉంది. కింద అంగడి, మిద్దె మీద ఇల్లు. మా ఊళ్లో పదో తరగతి ముగించి, ప్లస్ వన్ చదవడానికి నేను ఈ ఇంటికి వచ్చాను. సందులోని ఆరు పాత ఇళ్లనూ పడగొట్టి పద్దెనిమిది అంతస్తుల కట్టడం లేపుతారని అప్పటికే అనుకుంటున్నారు. కింది మూడు అంతస్తుల్లో అంగళ్లు, వాటి మీద ఆఫీసులు, ఆపైన ఇళ్లు.

జూన్‌లో బిల్డర్ మనుషులు ఒక కాగితం ఇచ్చి పోయారు. అంగట్లో ఎంతమంది పని చేస్తారు, ఏం పని చేస్తారు, ఎంత చోటు కావాలి అని అందులో అడిగారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మావయ్య నాచేత రాయించాడు. ముగ్గురని చెప్పాడు. తను, గుమాస్తా నాగలింగం, మూటలు మోసే చెంగయ్య.

నా కలం ఆగింది. ఈ ఇంట్లో పచ్చి ఇంగువ ముద్ద మొదట పోయేది మిద్దె మీదికే. కోకిల అత్త వంటింటి పక్క గదిలో దాన్ని పగలగొట్టి, గోరంత ముక్క వెచ్చని నీళ్లలో కరిగించి వాసన చూస్తుంది. దాంట్లో పిండి ఎంత, బంక ఎంత అని ఆమె చెప్పాకే కింద కలుపుతారు. పదహారేళ్లుగా అంతే. మావయ్యకు మాత్రం అది ఇంటి పని. ఆయన చెప్పినట్టే ముగ్గురని రాశాను.

నిన్న ఆదివారం బిల్డర్ దగ్గరి ఇంజనీర్ సంయుక్త పటాలు తెచ్చింది. మా అంగడి కింది అంతస్తులో, ఇల్లు పదకొండులో. ఇళ్ల లిఫ్టు వేరు, అది అంగళ్ల దగ్గర ఆగదు. ఇళ్లలోకి సరుకు తేకూడదు, వాసన వచ్చేదైతే అసలే కుదరదట. సంతకం పెట్టాక పటం మార్చడానికి లేదని కూడా రెండుసార్లు చెప్పింది. మావయ్య హాలు కొలతలు అడుగుతున్నాడు. అత్త కాఫీ గ్లాసులు పెట్టి, పటం మీదికి వంగి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయింది.

మావయ్య జేబులోంచి పెన్ను తీశాడు.

"మేడమ్, ముగ్గురు కాదు, నలుగురు," అన్నాను.

మావయ్య నవ్వాడు. "నాలుగో మనిషి ఎవరు పాపా? నువ్వా?"

"అత్త."

అంతవరకే అనగలిగాను. మిగిలింది సంయుక్తే అడిగింది. ముద్ద ఎవరు పగలగొడతారు, వాసన ఎవరు చూస్తారు, పాళ్లు ఎవరు చెబుతారు. మావయ్య వరసగా జవాబు చెబుతూ పోయాడు. అన్నిటికీ జవాబు అత్తే. చివరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది.

అలాగైతే అంగట్లోంచి పదకొండుకు చిన్న సరుకు లిఫ్టు పెట్టించి, మీ ఒక్క ఇంటికి అనుమతి అడిగి చూస్తానని సంయుక్త అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మావయ్య అత్తను పిలిచి, అంతా పైకే వస్తుంది, నువ్వు దిగే పనే లేదని సంతోషంగా చెప్పాడు.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నాకు లిఫ్టు వద్దు. అంగట్లోనే చోటు కావాల. గాలి వచ్చే తావు."

"ఆడ కూర్చుంటావా? కొనేవాళ్లంతా వచ్చేకాడ?"

"ఆమా. ఇంట్లో అయితే ముద్ద చేతిలో ఉన్నా, పాలు పొంగితే నేనే లేవాల. ఆడైతే పొద్దున పోయి సాయంత్రం వస్తా, మీ మాదిరి."

"మరి మధ్యాహ్నం అన్నం?"

"పొద్దున్నే వండి పెడతా. వేడిగా కావాలంటే మీరే పదకొండెక్కి తెండి."

సంయుక్త తల వంచుకుని నవ్వు ఆపుకుంది. మావయ్య పటం దగ్గరికి లాక్కున్నాడు. అంగడికి ఉన్నది ఒకటే కిటికీ. దాని పక్కన ముందే తన బల్ల గీయించుకున్నాడు. ఆ గీత మీద వేలు పెట్టాడు. పెన్ను మళ్లీ జేబులో పెట్టుకుని, సంయుక్త పెన్సిల్ అడిగి తీసుకున్నాడు.

"నా బల్ల ఇట్లా గోడ పక్కకు జరపండి మేడమ్," అన్నాడు.

అత్త అప్పటికే సంయుక్త పక్కన కూర్చుని, ఆ కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో వస్తుందని అడుగుతోంది.