దుకాణం పేజీలో అత్తగారి కునుకు

పాలు కాగేలోపు ఒక బొమ్మ గీయడం నాకు అలవాటు. పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు, చేతులు మాత్రం ఖాళీ. పాత బిల్లు వెనకో, మందుల చీటీ వెనకో ఏదో ఒకటి గీస్తాను. ఎవరూ నాకు పని చెప్పని సమయం రోజు మొత్తంలో అదొక్కటే. ఆ రోజు కుర్చీలో కునుకు తీస్తున్న మా అత్తగారు దొరికారు. నోరు కాస్త తెరుచుకుని, కళ్లజోడు ముక్కు కొస దాకా జారి, ఒళ్లో పేపరు పరుచుకుని ఉన్నారు. పాలు పొంగిపోయాయి కానీ కళ్లజోడు మాత్రం బాగా కుదిరింది.

నేను పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థలో పనిచేస్తాను. ఎవరి బొమ్మ వాడాలన్నా ముందు గీసినవాళ్లకు ఉత్తరం రాసి అనుమతి తెప్పించడం నా పని. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదని కొత్తగా చేరిన వాళ్లందరికీ నేనే చెబుతాను. మొన్న మా డిజైనరమ్మాయి ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మేడమ్, మన బామ్మ కథ అట్టకి ఇది సరిగ్గా సరిపోతుంది. నెట్‌లో దొరికింది. ఎవరిదో కనుక్కుని పర్మిషన్ అడుగుతారా?"

చూద్దును కదా, మా అత్తగారు. బొమ్మ కింద మూలన మావారి కళ్లజోళ్ల దుకాణం పేరు, ఫోన్ నంబరు. నాకు చెప్పకుండా ఆయనే దాన్ని ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో దుకాణం పేజీలో పెట్టేశారన్నమాట.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఆయన చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే దుకాణం మూసేసి ఇంటికొచ్చే మనిషి. నా బొమ్మలు ఫ్రిజ్ మీద అంటించేదీ, వచ్చినవాళ్లకు పిలిచి చూపించేదీ ఆయనే. కానీ సెలవుల్లో ఎవరింటికి వెళ్లాలో, వెనక గది ఎవరికి ఇవ్వాలో, నా సాయంత్రం ఎవరి పనికి పోవాలో అన్నీ ఖాయం చేసేసి, "నువ్వేం అనలేదుగా" అంటారు. నిజమే, పదిహేడేళ్లుగా నేనేమీ అనలేదు. ఆయన మీద ప్రేమ కొద్దీ కొన్నిసార్లు, ఓపిక లేక చాలాసార్లు.

అందరికీ పంపే ఉత్తరమే దుకాణం చిరునామాకూ పంపాను. ఈ చిత్రం గీసినవారెవరు, వారి అనుమతి మీ వద్ద ఉందా, జతచేసిన ఫారం నింపి పంపగలరు.

సాయంత్రం ఆయన ఆ ఫారం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంటోయ్ ఇది, కట్టుకున్న మొగుడికి నోటీసా?"

"నోటీసు కాదండీ, ఉత్తరం. ఎవరికైనా ఇదే పంపుతాం."

"బాగుందని మురిసిపోయి పెట్టాను. మన మధ్య నీది నాది ఏంటి? అయినా నువ్వేం అన..." అంటూ ఆగిపోయారు.

హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. "నన్ను అడిగారా ఎవరైనా? నోరు తెరుచుకుని పడుకున్న మొహం ఊరంతా చూసిందన్నమాట."

"నాదీ తప్పే అత్తయ్యా. నేనూ అడక్కుండానే గీశాను."

"నువ్వు గీసుకుంటే గీసుకో. వీడు నా నిద్రతో కళ్లజోళ్లు అమ్ముకుంటున్నాడు చూడు."

ఆయన తల గోక్కుంటూ ఫోన్ తీసి పేజీలోంచి బొమ్మ తీసేశారు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపారు. గీసినవారి పేరు దగ్గర కాసేపు ఆగి, నా పుట్టింటి పేరుతో సహా పూర్తిగా రాశారు. ఆయనకు అది గుర్తుందని నాకు తెలియదు. కాగితం నా వైపు జరిపి, కలం చేతికిచ్చారు.

"అట్ట మీద వేసుకోనిద్దామా? నీ పేరుతోనే వేస్తారుగా. నువ్వే చెప్పు."

ఆ మొహం చూస్తే ముద్దొచ్చింది. సరేనంటే ఎంత సంబరపడతారో తెలుసు. అట్ట మీద నా పేరంటే నాకూ ఆశే. కానీ ఆ బొమ్మ నేను నా కోసం గీసుకున్నది. 'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఆయన తెల్లబోయారు. "అదేంటి, ఈసారి అడిగాను కదా?"

"అడిగారు కాబట్టే వద్దనగలిగానండీ" అన్నాను.