దబ్బనం మొనంత వెలుగు

చీకట్లో ఒక చుక్క.

తెల్లగా... కదలకుండా... దబ్బనం మొనంత చుక్క.

కిటికీకి కొట్టిన టార్పాలిన్ పట్టాలో చిల్లు ఉంది. అందులోంచి వెలుతురు లోపలికి వస్తోంది. ఎవరినీ అడగకుండా, తలుపు తట్టకుండా.

గదంతా జ్వరం వాసన. తడిగుడ్డ వాసన. పట్టాకి పూసిన మైనం వాసన.

మంచం మీద మా చిటపట. అన్నయ్య కూతురు. అసలు పేరు మేమే మర్చిపోయాం. అది కాసేపు మాట్లాడకపోతే ఏమైందోనని ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు ఒళ్ళంతా తట్టు పోసి, ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉంది.

తట్టు వస్తే వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటుంది. అందుకే నాన్న కిటికీకి పట్టా కొట్టాడు. లారీల్లో సరుకు తడవకుండా కప్పే పట్టాలు కుట్టడం మా ఇంటి పని. ఈ గది మా గిడ్డంగి. లారీలోంచి సరుకు నేరుగా దించుకోవడానికి వీలుగా, లారీ ఎత్తున కట్టింది. నాలుగు మెట్లు దిగితే ఆవరణ. ఆవరణ దాటితే ఇల్లు.

ఆ నాలుగు మెట్లే ఇప్పుడు దాటరానివి.

నాకు చిన్నప్పుడే తట్టు వచ్చి పోయింది. నా అర్హత అదొక్కటే. అందుకే నన్ను కాపలా పెట్టారు. బయట ఆవరణలో చుట్టాలంతా చేరారు. కుర్చీలు లాగుతున్న చప్పుడు... నవ్వులు... ఎవరో ఎవరినో ఆటపట్టిస్తున్నారు. లోపల నేనూ, ఇదీ, చీకటీ. చెప్పొద్దూ, నాకు ఉక్రోషంగానే ఉంది. నలుగురు చేరిన చోట నేను లేకపోతే వాళ్ళని నవ్వించేదెవరు?

ఇవాళ వదిన బిడ్డతో ఇంటికి వచ్చింది.

చిటపటకి తమ్ముడు.

వాడి కోసం ఇది ఎదురుచూసినట్టు ఇంకెవరూ చూడలేదు. వదిన కడుపుకి చెవి ఆనించి వాడితో మాట్లాడేది. తగాదా పడేది. అలిగి, మళ్ళీ తనే రాజీకొచ్చేది. వదిన ఆస్పత్రికి బయల్దేరిన పొద్దున కూడా, కడుపు మీద నోరు పెట్టి ఏదో రహస్యం చెప్పింది.

ఆ సాయంత్రమే దీని ఒళ్ళు కాలింది.

ఆ రహస్యం వెంట ఇంకేమైనా వెళ్ళిందా...

వదినకి చిన్నప్పుడు తట్టు వచ్చింది కనక బిడ్డకి కొంత కాపుదల ఉంటుందని డాక్టరమ్మ అంది. కొంత — అంది. ఆ కొంత ఎంతో అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. పుట్టినవాడు పిడికెడు లేడు. వాడికిగాని అంటుకుంటే...

అందుకని మా అమ్మ కట్టడి చేసింది. గిడ్డంగి గడప తొక్కినవాళ్ళెవరూ ఇవాళ బిడ్డని ముట్టకూడదు. మా ఇంట్లో అమ్మ మాట శిలాశాసనం.

పొద్దున్నే చిటపట పారిపోబోయింది. మెట్ల మీద దొరకబుచ్చుకున్నాను.

"దూరం నుంచే చూస్తా అత్తా. ఊపిరి బిగబట్టి చూస్తా."

బుగ్గలు పొంగించి, కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి చూపించింది కూడా. నేను దాన్ని ఎత్తుకొచ్చి మంచం మీద పడేశాను. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పటి నుంచి కిటికీకి ఎదురు గోడ వైపు తిరిగి పడుకుంది.

బయట మబ్బు తొలిగినట్టుంది. ఎండ ఫెళ్ళున కాసింది. చుక్క మెరిసింది.

"అత్తా..."

గొంతు మారింది.

"గోడ మీద నాయనమ్మ నడుస్తోంది."

జ్వరం తలకెక్కిందని భయపడ్డాను. నుదుటి మీద చెయ్యి వేసి, ఊరికే దాని తృప్తి కోసం గోడ వైపు చూశాను.

నడుస్తోంది.

మా అమ్మ. తలకిందులుగా. కాళ్ళు పైన, తెల్ల జుట్టు కింద. పసుపు శాలువా పసుపు రంగులోనే ఉంది. మోకాలు నొప్పితో కుడికాలు కొంచెం ఈడుస్తూ, గోడకి ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళిపోయింది.

దాని నుదుటి మీంచి చెయ్యి తీసి కళ్ళు నులుముకున్నాను.

అమ్మ వెనకాల ఆవరణ అంతా ఉంది. కుర్చీలు పైనుంచి వేలాడుతున్నాయి. చెట్టు కిందికి పెరిగింది. ఆకులు కదులుతున్నాయి — నిజంగా కదులుతున్నాయి. ఆకాశం మంచం కోళ్ళ దగ్గర నీలంగా పరుచుకుంది. ముఖాలు తెలియడం లేదు. నడకలు తెలుస్తున్నాయి. ఒక్కచోట నిలబడలేని ఆ కాళ్ళు అన్నయ్యవే. కాలు మీద కాలు వేసుకుని ఊపుతున్నది పెదనాన్న. ఇంకెవరో నవ్వుతూ వెనక్కి వాలారు. నవ్వు పట్టా అవతలి నుంచి మందంగా వినిపించింది. మనిషి మాత్రం ఇక్కడ, మా గోడ మీద.

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకి కళ్ళు వచ్చాయి.

నేను వెనక్కి తిరిగి చుక్కను చూశాను. మళ్ళీ గోడను చూశాను. చుక్కకి వేలు అడ్డం పెట్టాను. అంతా ఆరిపోయింది. వేలు తీశాను. అంతా వచ్చేసింది — అమ్మ, చెట్టు, ఆకాశం, చుట్టాలు, కుర్చీలు. దబ్బనం మొనంత దారిలోంచి, ఒకరినొకరు తోసుకోకుండా, మొత్తం ఇల్లు వచ్చేసింది. ఇది ఎందుకిలా జరుగుతుందో చదువుకున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. నాకు తెలియదు. నాకు దణ్ణం పెట్టుకోవాలనిపించింది, అంతే.

"మరి తమ్ముడేడీ?"

వెతికాం. గోడంతా వెతికాం. వెతుకుతుంటే నాకు మా ఇంటి పని గుర్తొచ్చింది.

పట్టా కుట్టడం అయ్యాక నాన్న దాన్ని నాలుగు గుంజలకి ఎత్తి కట్టిస్తాడు. మేమంతా దాని కింద చేరి పైకి చూస్తాం. ఎక్కడైనా చిల్లు మిగిలితే, ఎండ అక్కడ చుక్కలా కనబడుతుంది. చూసినవాళ్ళు చూపిస్తారు, నాన్న మాసిక వేస్తాడు. దాన్ని మేం చుక్కలేరడం అంటాం. చిటపటకి అది పెద్ద ఆట. అందరికంటే ముందు దానికే కనబడతాయి. ఆఖరి చుక్క ఆరిపోయాక నాన్న మీసం సవరించుకుంటాడు. తలకిందులుగా తపస్సు చేసినా నా పట్టాలోంచి బొట్టు కారదు — అది ఆయన ఊతపదం.

అలాంటి మనిషి మనవరాలికి కట్టిన పట్టాలో చిల్లు! తొందరలో చుక్కలు ఏరకుండానే కొట్టేశాడన్నమాట.

నా నోట్లో నువ్వుగింజ నానదు. తలుపు ఓరగా తీసి, మెట్ల మీద నుంచి కేకేశాను.

"నాన్నా! ఊరందరి సరుకుకీ గొడుగు పడతావు. ఇంట్లో నీ పట్టాకి చిల్లుంది చూసుకున్నావా?"

ఆటపట్టిద్దామనే అన్నాను. పర్యవసానం ఆలోచించలేదు.

అప్పటికి నాన్న కొత్త చొక్కా వేసుకుని వదిన కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి చేతులు కడుగుతూనే ఉన్నాడట. ఏళ్ళ తరబడి మైనం పట్టిన చేతులు... రుద్ది రుద్ది ఎర్రగా చేసుకున్నాడు. మనవణ్ణి ముందు ఎత్తుకునేది ఆయనే. వదిన అప్పుడే బిడ్డ మూటను ఆయన చేతుల్లోకి అందించబోతోంది.

చిల్లు — అన్న మాట చెవిన పడింది.

ఒంటికాలి మీద లేచాడు. మాసిక గుడ్డ లాక్కుని, దారం ఎక్కించిన దబ్బనం చొక్కాకి గుచ్చుకుని, నాలుగు మెట్లూ రెండే అంగల్లో ఎక్కాడు. అమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది. వినబడితే కదా!

గడప తొక్కేశాడు.

తొక్కాక ఆగాడు. కాళ్ళ కింది గడప చూసుకున్నాడు. శుభ్రంగా కడుక్కున్న చేతులు చూసుకున్నాడు. నాకు నాలుక కొరుక్కోవాలనిపించింది.

"తలుపు వెయ్యి తాతయ్యా. అందరూ చెరిగిపోతున్నారు," అంది చిటపట.

వేశాడు.

చీకటి. చుక్క. గోడ.

నాన్న చేతిలో మాసిక గుడ్డ కిందికి జారింది. తన భార్యను చూశాడు. కొడుకును చూశాడు. తన ఆవరణ, తన చెట్టు, తన మనుషులు — బతుకంతా తలకిందులుగా వేలాడుతూ మెరుస్తోంది. జీవితమంతా చిల్లులు మూసిన మనిషి. చిల్లులోంచి నీళ్ళు వస్తాయని తెలుసు, నష్టం వస్తుందని తెలుసు. ఇది కూడా వస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు.

"తమ్ముడు కనబడట్లేదు తాతయ్యా."

నాన్న కళ్ళు తుడుచుకుని వేలు చూపించాడు. కుర్చీలో వదిన. ఒళ్ళో తెల్లటి మూట. గోడ మీద బాగా పైన. చిటపట మంచం మీద లేచి నిలబడింది. మునివేళ్ళ మీద లేచింది. చెయ్యి చాచింది. అందలేదు. ఇంకా కొంచెం... అందలేదు.

నేను మళ్ళీ తలుపు సందులోంచి తల బయటికి పెట్టాను. ఈసారి అరవలేదు. వదిన ఎలాగూ గిడ్డంగి కిటికీ వైపే చూస్తోంది. పొద్దుటి నుంచీ అటే చూస్తోందట.

"వదినా... వాణ్ణి కొంచెం పైకెత్తు. కిటికీ వైపు."

ఎందుకని అడగలేదు. తల్లి కదా. లేచి, ఎండలోకి వచ్చింది. మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి, తెల్ల మూటను తలకంటే పైకి ఎత్తింది.

అక్కడ పైకి ఎత్తింది.

ఇక్కడ కిందికి దిగాడు.

గోడ మీద నుంచి మెల్లగా... ఊపిరి బిగబట్టినంత మెల్లగా... వాళ్ళమ్మ చేతుల్లోంచి వాళ్ళక్క చేతిలోకి దిగాడు. తట్టుతో ఎర్రబడ్డ అరచేయి, దాని మీద తెల్లగా వాడు. కాలు ఆడించాడు. దాని బొటనవేలి మీద ఆడించాడు. బరువు లేదు. వేడి లేదు. వాడు మాత్రం ఉన్నాడు.

చిటపట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా జన్మలో నేను నోరు మూసుకుని ఏడ్చింది అదే మొదలు.

నాన్న తన చెయ్యి కూడా తెచ్చి దాని చెయ్యి కింద పట్టాడు. దాని వేళ్ళ అంచులు దాటి కొంచెం వెలుగు ఆయన చేతిలో పడింది. ఆయన వంతు అదే.

అప్పుడు బయట వాడు తుమ్మాడు.

చిన్న తుమ్ము. పట్టా అవతలి నుంచి వినిపించింది. గోడ మీద అందరూ ఒక్కసారి ఆగిపోయారు. అమ్మ ఆగింది. అన్నయ్య కాళ్ళు ఆగాయి. వదిన చేతులు చటుక్కున దిగాయి. మూట దీని చేతిలోంచి పైకి ఎగిరిపోయింది.

చిటపట చెయ్యి వెనక్కి లాక్కుంది. వీపు వెనక దాచుకుంది.

"నాదే అంటుకుందా అత్తా?"

"లేదమ్మా. వెలుతురు ఏదీ మోసుకుపోదు. వాడు ఎండకి తుమ్మాడు." నాన్నే అన్నాడు. కొంత, అంది డాక్టరమ్మ. ఆ కొంత మా ముగ్గురి మధ్యా కూర్చుంది.

చిటపట గోడ వైపు చూసింది. చాలాసేపు చూసింది. పైన, అందనంత ఎత్తున, వాడు.

మంచం దిగింది. కిటికీ కింద మడతపెట్టిన పట్టాల దొంతర మీదికి ఎక్కింది. నేను ఆపబోయాను. నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

పొద్దుటి నుంచి ఆ ముఖం చూడాలని ఏడ్చిన పిల్ల, చుక్క మీద వేలు పెట్టి నొక్కేసింది.

వాడు ఆరిపోయాడు. అందరూ ఆరిపోయారు.

"కుట్టెయ్యి తాతయ్యా," అంది. "నేను మళ్ళీ ముట్టుకుంటానేమో. కుట్టెయ్యి."

నాన్న తన చొక్కా తడుముకున్నాడు. దబ్బనం అక్కడే ఉంది. ఎక్కించిన దారం వేలాడుతూనే ఉంది. నేను చూశాను.

"దారం తెచ్చుకోలేదు తల్లీ," అన్నాడు.

అది వేలు తియ్యలేదు. బుగ్గలు పొంగించి, ఊపిరి బిగబట్టి అలాగే నిలబడింది. వాడు మళ్ళీ తుమ్ముతాడేమోనని మేం ముగ్గురం చెవులు రిక్కించి విన్నాం. బయట కుర్చీ ఒకటి కదిలింది. ఎవరో ఏదో అన్నారు. తర్వాత ఏమీ వినబడలేదు.

చీకట్లో దాని వేలి కొస.

వేలిలోంచి వెలుగు... ఎర్రగా... దబ్బనం మొనంత చుక్క.