మెడ దగ్గర రై చేను

ఆగస్టు చివర్లో నేను గడ్డినేల దున్నించి రై చల్లుతుంటే నాకు మతి తప్పిందని ఊరంతా అనుకుంది. మా నాన్న పోయాక ఈ లోయలో రై విత్తిన మనిషి లేడు. గోధుమకి పేద చుట్టం అది. చలికి ముందే మొలకెత్తి, శీతాకాలమంతా మంచు కింద పడుకుని, మరుసటి వేసవికి కోతకొస్తుంది.

ఆన్సెల్మ్ కారు ఆపి అద్దం దించాడు. కొండ మీది లిఫ్టులు, కింది హోటలు, మంచు మీద జారడానికి జనం వచ్చే స్కీ రిసార్టు మొత్తం అతని చేతిలోదే.

"ఏంటి క్రెసెంజక్కా, రొట్టెకి కరువొచ్చిందా? మా హోటలుకి రా, మెత్తటివి పెడతా."

"మెత్తటివి నాకు పడవురా. గట్టివే అలవాటు."

నవ్వుకుంటూ వెళ్ళాడు. నవ్వనీ అనుకున్నాను.

ఒత్మార్ నా తమ్ముడు. పొద్దున్నే కొండెక్కి ఏ వాలు భద్రమో, ఎక్కడ మంచు జారేలా ఉందో చూసి రిసార్టుకి చెప్పడం వాడి పని. పోయిన ఫిబ్రవరిలో, రాత్రంతా గాలితో మంచు కురిసిన మర్నాడు, మా వంటింట్లో నిలబడే కాఫీ తాగాడు. "పై వాలు ఇవాళ తెరవొద్దన్నానక్కా. హోటలు నిండా జనం, తెరవాల్సిందే, పో, వెళ్ళి చూసిరా అంటున్నాడు ఆన్సెల్మ్" అన్నాడు. కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. మధ్యాహ్నానికి వాణ్ణి మంచు కింద నుంచి తీశారు.

ఆ ఆదివారం ఆన్సెల్మ్ చర్చి ముందు రాయెక్కాడు. ప్రార్థన అయ్యాక ఆ రాయి మీద నిలబడి చెప్పిందే మా ఊరికి నిజం. "నేను వద్దన్నాను. ఒత్మార్ సొంత తెగువతో వెళ్ళాడు" అని టోపీ తీసి మరీ చెప్పాడు. పోయినవాడు లేచొచ్చి సాక్ష్యం చెప్పడు కదా. అప్పటినుంచి పిల్లలకి బుద్ధి చెప్పాలంటే "ఒత్మార్‌లా తొందరపడకు" అనడం మొదలుపెట్టారు. కొండని అంత భయభక్తులతో చూసిన మనిషిని పట్టుకుని ఆ మాట. ఆ రాయి మీదే, ఆ నోటితోనే నిజం చెప్పించాలి. నాకు కావలసింది అదొక్కటే.

కొండ మీద నుంచి దిగే స్కీ దారి ఊరు చేరేముందు ఒకచోట సన్నబడుతుంది. ఒకపక్క వాగు, ఒకపక్క చర్చి గోడ. మెడ అంటాం దాన్ని. ఆ మెడ మా నాన్న నాకిచ్చిన నేల, నేను రై చల్లింది అక్కడే. ఇన్నేళ్ళూ ఆన్సెల్మ్ దాని మీదుగా జనాన్ని దించుతూ ఒక్కసారీ నన్నడగలేదు. అడగక్కర్లేదు కూడా. నవంబరులో మార్టిన్ పండుగ నుంచి వసంతంలో జార్జ్ పండుగ దాకా ఎవరి గడ్డినేలయినా అందరికీ దారే. అది ఊరి కట్టు, వాడి రిసార్టు నిలబడింది దాని మీదే. ఆ కట్టులో రెండో సగం మాత్రం వాడు మర్చిపోయాడు. రై విత్తిన చేలో, పైన మంచున్నా సరే, ఎవరూ అడుగు పెట్టరాదు. మంచు తొక్కుడుకి గట్టిపడితే కింద పైరు ఊపిరాడక కుళ్ళిపోతుంది.

మార్టిన్ పండుగనాడు చేను చుట్టూ కర్రలు పాతి, ఒక్కో కర్ర కొసన గడ్డి చుట్ట కట్టాను. విత్తిన చేను, తొక్కొద్దని దానికి అర్థం. ముసలివాళ్ళు ఆగి చూశారు. చేను చుట్టూ తిరిగి వెళ్ళారు. సాయంత్రానికి ఆన్సెల్మ్ నా వంటింట్లో ఉన్నాడు.

"అక్కా, ఆ గడ్డి చుట్టలేంటి?"

"బాగున్నాయా? నేనే కట్టా."

"వచ్చే నెల రిసార్టు తెరుస్తున్నాం. జనం ఊళ్ళోకి ఎలా దిగుతారు?"

"నడిచి. కాళ్ళు తెచ్చుకునే వస్తారుగా."

"కోర్టుకి పోతా."

"పో. ఊరి కట్టు చెల్లదని చెప్పు. చెల్లకపోతే మిగతావాళ్ళ నేలల మీద ఏ హక్కుతో దిగుతున్నావో కూడా అక్కడే చెప్పు."

"అసలు నీకేం కావాలి?"

"ఒత్మార్‌ని పైకి పంపింది నువ్వేనని రాయెక్కి చెప్పు."

"అది చెప్పి ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలనా?"

"నా తమ్ముడి తల దించినప్పుడు ఆ ఆలోచన రాలేదా?"

తలుపు దభాలున వేసి పోయాడు.

రిసార్టు తెరిచారు. జనం పై నుంచి జోరుగా దిగొచ్చి, గడ్డి చుట్టల ముందు ఆగి, స్కీలు విప్పి భుజాన వేసుకుని, వాగులోకి దిగి ఎక్కి హోటలు చేరారు. నవ్వుతూ వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయారు. కొందరు సామాను సర్దుకుని పక్క లోయకి మారిపోయారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మేజోళ్ళు అల్లుకుంటూ చూశాను.

వారం తిరక్కుండానే ఆన్సెల్మ్ ఓపిక చచ్చింది. మంచు చదును చేసే బండిని చేను మీదకి తోలమన్నాడు. బండి నడిపే బెన్నో కర్రల దాకా తెచ్చి ఇంజను ఆపేశాడు.

"నావల్ల కాదు. మా తాత సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"దిగు" అని ఆన్సెల్మ్ తనే ఎక్కాడు. ఇంజను మళ్ళీ మోగింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆన్సెల్మ్ వాళ్ళమ్మ ఫిలొమెనా పిన్ని కర్ర ఊతంతో వచ్చి బండి ముందు నిలబడి ఉంది.

"నా చిన్నప్పుడు తిండి లేని ఏళ్ళలో ఈ చేలో పండిన రై రొట్టె తిని బతికాం. తొక్కాలంటే ముందు నన్ను తొక్కు."

"చలిగా ఉందమ్మా, ఇంటికి పో."

"ఒత్మార్‌కి వెయ్యలేదా చలి? ఆ పొద్దున వాణ్ణి పైకి పొమ్మని నువ్వు ఫోన్లో అరిచింది విన్నానురా. కన్నందుకు అది మింగాను. ఈ రైని కూడా మింగమనకు."

బెన్నో విన్నాడు. చర్చి గోడ దగ్గరున్న నలుగురూ విన్నారు. ఇంజను ఆగిపోయింది.

ఆదివారం ఆన్సెల్మ్ రాయెక్కాడు. ఈసారి టోపీ చేతుల్లో నలిగిపోతోంది. "ఒత్మార్ వద్దన్నాడు. నేనే పంపాను. మీకు అబద్ధం చెప్పాను" అన్నాడు. ఒక్కొక్కళ్ళే నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకున్నారు. అప్పుడే నాకు ఏడుపొచ్చింది, తమ్ముణ్ణి సమాధి చేసిన రోజు కూడా రానంతగా.

జనం పలచబడ్డాక ఆన్సెల్మ్ దగ్గరకొచ్చాడు. "చెప్పాను కదా. ఇక కర్రలు తీసెయ్ అక్కా."

"తీస్తానని నేనెప్పుడన్నాను?"

"అక్కా."

"నువ్వు చెప్పింది ఒత్మార్ కోసం. రై నాది. మొలిచిన పైరు పీకమని ఏ కట్టులో ఉంది?"

వాడు చూసిన ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. ఆ శీతాకాలమంతా జనం వాగు దిగి ఎక్కారు. హోటల్లో పై అంతస్తు మూసేశారు.

వేసవి చివర రై కోశాను. ఊరి పొయ్యి వెలిగించి రొట్టెలు కాల్చాను. మొదటిది ఒత్మార్ సమాధి మీద పెట్టాను. రెండోది ఫిలొమెనా పిన్నికి. మూడోది చేత్తో పట్టుకుని ఆన్సెల్మ్ తలుపు తట్టాను.

"పళ్ళు జాగ్రత్త. గట్టిది" అన్నాను.

వాడు రొట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విత్తనాలు ఉంచుకున్నావా అక్కా?"

"ఉంచానురా. నేను బతికున్నన్నాళ్ళూ సరిపోతాయి."