అందరికీ అన్న

నవలలో నాయకుడు నాయికను కుర్చీకి కట్టేసి, నీళ్ల గ్లాసు ఆమె పెదవుల దాకా తెచ్చి, "నువ్వు ఊపిరి పీల్చాలన్నా నన్నడిగే పీల్చాలి" అంటాడు. నాయిక భయపడాలి. ఆ భయంలోనే కాస్త మైమరచిపోవాలి కూడా. మైకు ముందు కూర్చున్న అక్క ఆ మాటల్ని మళ్లీ మళ్లీ చదివింది.

"భయం బాగుందమ్మా. మైమరపే రావట్లేదు," అన్నాడు అద్దం అవతల కూర్చుని రికార్డింగు చేసే ఆయన. స్టూడియోలో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు.

"వాడి నోరు కంపు కొడుతుందేమో అనిపిస్తోంది బాబాయ్. మైమరపు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

బాబాయ్ పగలబడి నవ్వాడు. కానీ అక్క వేళాకోళానికి అనలేదు. ఆడియో నవలలు చదవడం ఆమె వృత్తి. దయ్యాల కథలు చదివింది, అత్తాకోడళ్ల కథలు చదివింది. ఏ కథా ఆమెకు ఇలా వెగటు పుట్టించలేదు. ఒక ముఠా నాయకుడు, అతను ఎత్తుకొచ్చిన పిల్ల, ఇద్దరి చుట్టూ తుపాకుల కాపలా, మధ్యలో ప్రేమ. కొత్త భాగం వచ్చిన ప్రతిసారీ వినేవాళ్లు కింద ఒకటే రాస్తున్నారు: ఇలాంటి మగాడు దొరికితే జన్మ ధన్యం అని.

అక్క చెల్లెలికి అలాంటి మగాడు దొరికాడు.

చెల్లెలు పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేసేది. ఒకరోజు ఒకాయన దవడ వాచి వచ్చాడు. వెంట వచ్చినవాళ్లు కుర్చీ చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. పన్ను పీకుతున్నంతసేపూ ఆయన చెల్లెలి మణికట్టు పట్టుకుని వదల్లేదు. సాయంత్రానికి అక్కడ నల్లగా కమిలింది. ఆ మచ్చను కొత్త గాజులు చూపించినట్టు చూపించింది చెల్లెలు.

"ఏం చేస్తుంటాడే?" అని అడిగింది అక్క. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది తనే.

"రేవులో ఆయన మాట లేకుండా ఒక్క పెట్టె కదలదక్కా. అందరూ అన్న అనే పిలుస్తారు."

"ఊరందరికీ అన్న. మరి నువ్వేమని పిలుస్తావు?"

"ఛీ పో," అని చెల్లెలు మొహం దాచుకుంది.

అక్క తిట్టింది, బతిమాలింది, అన్నం మానేసింది. చెల్లెలు వినలేదు. ఒక మధ్యాహ్నం బట్టలు సర్దుకుని అన్న ఇంటికి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు అక్కను భోజనానికి పిలిచింది.

గేటు దగ్గర ఒకడు అక్క తెచ్చిన పళ్ల సంచిలో చెయ్యి పెట్టి కెలికాడు. లోపల చెల్లెలు కౌగలించుకుంటే ఆమె భుజం మీదుగా ఒక లావుపాటి మనిషి కనిపించాడు. చెల్లెలికి కాపలాగా పెట్టినవాడు. ఇంట్లో అతన్ని నీడ అంటారు. ఆమె ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి వస్తాడు. స్నానాల గది దగ్గర మాత్రం తలుపు బయట ఆగుతాడు. చెల్లెలు ఏ మాటన్నా ముందు అతని వైపు చూసి, ఆ తర్వాతే అంటోంది. గలగలా వాగే పిల్ల, మాటల్ని నోట్లోనే అటూ ఇటూ తిప్పి చూసుకుని బయటికి వదులుతోంది.

"వదినా, రండి!" అన్నాడు అన్న. చిటికెనవేలి గోటితో పంటి సందులో ఇరుక్కున్నది తీసి, టేబుల్ గుడ్డకు రాశాడు. "రోజూ మీ గొంతు వింటానండీ. ఆ నవల ఉంది చూశారూ, అచ్చం మా కథే."

పక్కన కూర్చున్న చెల్లెలి నెత్తి మీద తట్టాడు, కొత్తగా కొన్న బండిని తట్టినట్టు. అక్క కంచంలోకి చూస్తూ తింది.

భోజనం మధ్యలో ఇస్త్రీ బట్టలు వచ్చాయి. తెచ్చింది వయసు మళ్లిన మనిషి, చేతి వేళ్ల మీద పాత కాలిన మచ్చలు. పైనున్న తెల్ల చొక్కా కాలరు ఒక అంచున గోధుమరంగుకు మాడింది. అతను అప్పటికే క్షమాపణలు చెబుతున్నాడు.

అన్న కోప్పడలేదు. చొక్కా తీసుకుని, కూరగాయలు కోసే కత్తితో కాలరు విడదీసి, తన కంచంలో మిగిలిన కూరలో ముంచాడు. "తిను," అన్నాడు.

ఇస్త్రీ ఆయన నవ్వబోయాడు. ఎవరూ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు.

"తిను పెద్దాయనా. చల్లారిపోతుంది."

అతను నోట్లో పెట్టుకున్నాడు. పళ్ల కింద గుడ్డ కిరకిరమంది. కాలరు లోపలి గట్టి అట్ట నలగక, దవడలు వంకర్లు పోయాయి. కళ్లలో నీళ్లు, మూతి చివర నూనె. గొంతులో ముద్ద ఎక్కుతూ దిగుతూ అక్కడే ఆడుతోంది. అప్పుడు మొదలైంది చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు. అన్న తను నవ్వలేదు. చెల్లెలి వైపు తిరిగాడు.

"ఏం, నీకు నవ్వు రావట్లేదా?"

చెల్లెలు నవ్వింది.

అక్క నోట్లో ఉన్న ముద్ద మట్టిలా అయింది. మింగలేకపోయింది. కుళాయి దగ్గరికి వెళ్లి ఉమ్మేసి, నోరు కడుక్కుంటూ, పక్కకొచ్చిన చెల్లెలితో నెమ్మదిగా అంది:

"నవ్వావే."

"నవ్వకపోతే..." చెల్లెలు నీడ వైపు చూసి మాట మార్చింది. "ఆయనకి నేనంటే ప్రాణం అక్కా."

"అదే ప్రాణమైతే నాకు వాంతొస్తోంది."

మాటవరసకు అన్నది కాదు. బస్టాపులో నిజంగానే కక్కేసింది.

మర్నాడు స్టూడియోలో చదవాల్సిన భాగంలో, నాయిక వైపు చూసినందుకు ఒకడిని నాయకుడు నేల మీద పాకిస్తాడు. అది చూసి నాయిక గుండె పువ్వులా విచ్చుకుంటుంది. ఆ వాక్యం దగ్గర అక్క గొంతు ఆగిపోయింది.

"ఇది నేను చదవను బాబాయ్."

"ఒప్పుకున్న పని కదమ్మా."

అక్క కాలరు సంగతి చెప్పింది. బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా కోడలు ఈ నవల వింటూనే ఇల్లు ఊడుస్తుంది," అన్నాడు. "ఎంత శుభ్రంగా ఊడుస్తుందో!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. వెంటనే నవ్వినందుకు రోతగా అనిపించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే స్టూడియో యజమాని చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. అన్న కబురు పెట్టాడట. నాయిక మాటలు కొన్ని తన మనిషి గొంతులో ఉండాలని ముచ్చట పడుతున్నాడట. అక్క దగ్గరుండి నేర్పాలట. కాదనే ధైర్యం యజమానికి లేదు. ఈసారి అక్క కూడా కాదనలేదు. చెల్లెల్ని చూడటానికి వేరే దారి ఏదీ ఆమెకు కనిపించలేదు.

చెల్లెలు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చింది. వెనక నీడ. అతను మైకు గదిలోకి వచ్చి మూలలన్నీ చూశాడు. బయటికి ఒకే తలుపు. పక్కన అద్దం వెనక బాబాయ్ కూర్చునే గది, లోపలి తలుపుతో దానికి దారి. దానికి అవతల యంత్రాల గది, అందులోంచి వెనక మెట్లు. అంతదూరం చూడాలని అతనికి తోచలేదు.

"మీ చెప్పుల చప్పుడు కూడా మైకులో పడుతుంది నాయనా," అన్నాడు బాబాయ్. "బయట సోఫాలో కూర్చోండి. స్పీకర్లో అంతా వినబడుతుంది."

కాసేపు చెల్లెలు నిజంగానే చదివింది. తర్వాత బాబాయ్ బయటి స్పీకరు కట్టేసి, "మాట్లాడుకోండి. దీన్ని సరిచేస్తున్నానని చెప్పొస్తా," అన్నాడు.

చెల్లెలు గుసగుసగానే మొదలుపెట్టింది. "ఇక్కడ అరిచినా బయటికి వినపడదే," అన్నా గొంతు పెంచలేదు.

"అక్కా, ఆ ఇస్త్రీ ఆయన మళ్లీ వచ్చాడు."

"ఊఁ."

"చొక్కాలన్నీ విప్పి, ఒక్కొక్క కాలరే నాకు చూపించాడు. 'బాగుందా అమ్మగారూ, బాగుందా' అని. నన్నక్కా. ఆయన చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి!" ఆమె రెండు చేతులతో మూతి గట్టిగా తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు. "నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ నవ్వు ఇంకా ఇక్కడే ఉంది."

"వచ్చేయ్."

"ఎక్కడికి? చంపేస్తాడు."

"చంపుతాడేమో. అక్కడుంటే నువ్వేమవుతావో నేను చూడలేను."

బల్ల మీది హెడ్‌ఫోన్లలోంచి బాబాయ్ గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మాయ్, అంతకుముందు నువ్వు చదివిన భాగం ఒకటి నా దగ్గరుంది. బయట దాన్ని పెడుతున్నా. చెల్లికి చదివి చూపిస్తున్నావనుకుంటాడు. వెనక మెట్ల తలుపు తీసి ఉంది."

చెల్లెలు అక్క వైపు చూసింది. ఈసారి ఇంకెవరి వైపూ చూడలేదు. లేచింది.

మెట్లు దిగుతుంటే గోడ అవతల నుంచి అక్క గొంతే వినిపిస్తోంది, తియ్యగా, తడిగా: "నన్ను వదిలి వెళ్లకు. నీ చెరలోనే నాకు స్వర్గం." అక్కకు తన నాలుక మీద తనకే జుగుప్స కలిగింది. కానీ ఆ గొంతు ఆగిపోకూడదని కూడా కోరుకుంది.

బస్సెక్కారు, రైలెక్కారు. అక్కతో చదువుకున్న ఒకావిడ వేరే ఊళ్లో కళ్లజోళ్ల దుకాణం నడుపుతోంది. దుకాణం వెనక గదిలో వాళ్లకు చోటిచ్చింది, ఏమీ అడక్కుండా.

బాబాయ్‌తో ఫోన్లో మాట్లాడటానికి చాలారోజులు పట్టింది.

"వాడు భాగం అయిపోయేదాకా కదల్లేదమ్మా. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను."

"ఎవరు, నీడా? అతన్నేం చేశారు?"

"కుడిచేతికి కట్టుతో కనిపించాడు. వేళ్లుండాల్సిన చోట కట్టు పొట్టిగా ఉంది."

అక్క గోడకు ఆనుకుంది. వాళ్లు దిగిన మెట్ల వెల ఆ మనిషి చేతిలోంచి వసూలైంది. అతని మీద జాలి పడటానికి మనసొప్పలేదు, పడకుండా ఉండటానికీ ఒప్పలేదు. "మరి నిన్ను?"

"నాకు చెవులు సరిగా వినపడవు, ఎవరెప్పుడు వెళ్లారో తెలీదన్నాను. రెండు తగిలించారు. ఒక పన్ను కదుల్తోంది. మీ చెల్లెల్ని అడుగు, పీకించుకోనా వద్దా అని."

అక్క ఏడుస్తూనే నవ్వింది.

ఆ సాయంత్రం చెల్లెలు కళ్లజోళ్ల అద్దాలు తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయన నా కోసం వెతికించలేదా?"

అక్కకు ఒళ్లు మండింది. గదిలో ఉన్న గాలి కూడా పాచిపోయినట్టనిపించింది. ఇంత జరిగాక, ఇంకా ఆ నవల చివరి పేజీ కోసమా?

"లేదు. నేనే దాన్ని బయటికి గెంటేశానని చెప్పుకుంటున్నాడట. నీ మెడలో గొలుసు మాత్రం తిరిగి పంపమని స్టూడియోకి కబురు పెట్టాడట."

చెల్లెలి చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. గొలుసు విప్పి, ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకున్నట్టు వేళ్ల కొసలతో పట్టుకుని, కాగితంలో చుట్టింది. తర్వాత వెళ్లి సబ్బుతో మెడ రుద్దుకుంది. చర్మం కందిపోయేదాకా రుద్దుతుంటే అక్క వెళ్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకో అమ్మాయి వచ్చిందా ఆ ఇంటికి?"

"వచ్చిందట. ఫోన్ల దుకాణంలో పనిచేసే పిల్ల."

చెల్లెలు కుళాయి కట్టేసింది. నీళ్లు మెడ మీద నుంచి కారుతున్నాయి.

"పెద్దదా, చిన్నదా? ఎవరైనా ఉన్నారా ఆ పిల్లకి?"

"నాకేం తెలుసే."

"బాబాయ్‌ని కనుక్కోమను," అంది చెల్లెలు. తువ్వాలు అందుకుని మొహం తుడుచుకుంది. "రేపే కనుక్కోమను."