పందొమ్మిది గొర్రెలు, ఒక ముద్ర

నేను ఒక అనుమానపు ప్రాణిని. వృత్తిరీత్యా రబ్బరు స్టాంపును. చింతరాళ్లపల్లె పశువుల ఆసుపత్రిలో, టీకా సీసాల పెట్టె పక్కన, ఊదారంగు సిరా పలక మీద నా కాపురం. బస్టాండు ఎదుట కొట్లో పుట్టాను. ఒంటికి చెక్క పిడి, మొహాన తిరగేసిన అక్షరాలు: ‘సరిచూడబడినది. పశువైద్యాధికారి, చింతరాళ్లపల్లె.’ అక్షరాలే తిరగబడి ఉన్నవాడికి లోకం తిన్నగా ఎలా కనిపిస్తుంది?

పశువుల ఆసుపత్రిలో చదువుకునే పిల్లలకేం పని అంటారేమో. మా ఊళ్ళో నకళ్ళు సరిచూసి ముద్ర వేయగల గెజిటెడ్ అధికారి అంటే పశువుల డాక్టరొక్కరే. అందుకని బర్రెలూ గొర్రెలూ నిలబడే వరసలోనే, సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని పిల్లలూ నిలబడేవారు. వాళ్ళందరినీ నేను దొంగల్లాగే చూసేవాణ్ణి. ఎక్కడ అంకె దిద్దారో, ఎక్కడ పేరు మార్చారో అని కళ్ళు చిట్లించుకుని చూసేవాణ్ణి.

చూసి చేసేదేముంది? నా మొదటి యజమాని ఒక పెద్దాయన. అసలు కాగితం అడిగేవాడు కాదు, తలెత్తేవాడు కాదు. ఒకచేత్తో ఫోను, ఇంకోచేత్తో నేను. టపాటపా కొట్టి పడేసేవాడు. ఆయన బదిలీ అయ్యాక డాక్టర్ కుసుమకుమారి వచ్చింది. ఈవిడ అసలునూ నకలునూ పక్కపక్కన పెట్టి, వరసవరసా వేలు పెట్టి చూసేది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒకనాటి పొద్దున గొర్రెలు కాసే కురబ గాదిలింగప్ప కూతురు లింగేశ్వరి వచ్చింది. సంచిలోంచి ఇంటర్ మార్కుల మెమో తీసింది. వెయ్యికి ఐదువందల ఇరవై ఏడు. ఎంట్రన్సు కార్డు తీసింది. రెండువందలకు డెబ్భై ఒకటి. ఆ తర్వాత కాలేజీ దరఖాస్తు తీసింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. హైదరాబాదు దగ్గర జీవశాస్త్రం చెప్పే కాలేజీ అది, నలభై సీట్లకు రెండువేలమంది ఎగబడతారట. ఫారం దండగ చేసుకోవద్దని వాళ్ళ లెక్చరరు మొహం మీదే చెప్పాడట.

సహజంగానే నేను అనుమానించాను. మెమోలో ఏదో మోసం ఉండాలి. డాక్టరమ్మ అసలునూ నకలునూ వెలుతురుకు పెట్టి చూసింది. అంకెలన్నీ అచ్చంగా అవే. ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. దొంగ మెమో చేసుకునేవాళ్ళు ఐదువందల ఇరవై ఏడు దగ్గర ఎందుకు ఆగుతారు?

కానీ సంచిలో ఇంకొకటి ఉంది. చుట్టలు చుట్టుకుపోయిన నోటుపుస్తకం. సొంతంగా చేసిన పని ఏదైనా ఉంటే, అధికారి సరిచూసిన నకలు జతచేయాలని దరఖాస్తులో ఉందట. రెండేళ్ళ కిందట గొర్రెలకు నీలినాలుక రోగం వచ్చినప్పుడు, లింగేశ్వరి మూడు నెలలు కాలేజీ మానేసి తండ్రితో మంద వెంట తిరిగింది. మార్కులు అక్కడే పోయాయి. ఆ మూడు నెలలూ ఏ గొర్రెకు ఏరోజు మూతి వాచింది, ఏది కుంటింది, ఏది మేత మానింది, ఎన్నోరోజు చచ్చింది, అన్నీ రాసుకుంది. కర్రి ఐదోరోజు, బొల్లి తొమ్మిదోరోజు. మొత్తం ముప్పై ఒక్క పేజీలు, పందొమ్మిది చావులు.

ఇదిగో మోసం ఇక్కడుందనుకున్నాను. సీటు కోసం నిన్న కూర్చుని రాసి ఉంటుంది. డాక్టరమ్మకూ అదే అనుమానం వచ్చినట్టుంది, అటెండరు ఓబులేసును ఆ ఏడు ఆసుపత్రి పైకి పంపిన రోగాల నివేదిక తెమ్మంది. ఓబులేసు కదల్లేదు.

“ఎందుకు మేడం మనకి? మార్కుల మెమో మీద కొట్టి పంపిస్తే సరిపోతుంది కదా” అన్నాడు.

ఆవిడ చూసిన చూపుకు బీరువా తెరిచాడు. దుమ్ము దులిపి కాగితం బల్లమీద పెట్టాడు. చింతరాళ్లపల్లె గ్రామం, నీలినాలుక రోగం, మొత్తం మరణాలు: నాలుగు. ఊరంతటికీ నాలుగు! దొరికిపోయింది పిల్ల అనుకుని లోలోపల మురిశాను.

లింగేశ్వరి ఆ కాగితం వైపు చూసింది. ఏడవలేదు.

“పందొమ్మిదీ నేనూ మా నాయనా పూడ్చినాం మేడం. రాండి, గుంతలు చూపిస్తా. మార్కులు నాకు తక్కువే. అది తప్పని నేను అనలే. ఈ పుస్తకం గూడా తప్పంటే మాత్రం ఒప్పుకోను.”

డాక్టరమ్మ నోటుపుస్తకం మళ్ళీ తిరగేసింది. ఒక పేజీ వానకు తడిసి అలుక్కుపోయింది. ఇంకో పేజీలో పెన్ను మారింది. మరికొన్నిచోట్ల అక్షరాలు వంకరపోయాయి. ఒకేరోజు కూర్చుని రాసిన రాత కాదది. ఆవిడ ఓబులేసు వైపు తిరిగి, ఆ ఏడు టీకాలు ఎప్పుడు వేశారని అడిగింది. వాడు నేల చూశాడు. సీసాలు ఆలస్యంగా తెప్పించారని, చావులు ఎక్కువ చూపిస్తే పైనుంచి విచారణ వస్తుందని, బదిలీ అయిన పెద్దాయన నాలుగే రాశాడని నసిగాడు.

అప్పుడు చూశాను, నివేదిక అడుగున. ఊదారంగులో, వంకర లేకుండా, నా మొహం. సరిచూడబడినది.

ఊరి పిల్లలందరినీ దొంగల్లా చూసినవాణ్ణి. ఆ ఊళ్ళో నిలువునా అబద్ధం ఆడింది నేను. ఆ క్షణాన నా సిరా అంతా ఎండిపోతే బాగుండుననిపించింది.

 ఒకే ఆసుపత్రి నుంచి, ఒకే ముద్రతో, రెండు వేర్వేరు మాటలు బయటికి వెళ్ళినట్టవుతుంది. రేపు అడిగితే సంజాయిషీ చెప్పుకోవలసింది డాక్టరమ్మే. నన్ను చేతిలోకి తీసుకుంది. వెనక్కి పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ముప్పై ఒక్క పేజీల మీదా ఒక్కొక్కటే చూసి కొట్టింది. పైఆఫీసుకు నివేదిక తప్పని తానే ఉత్తరం రాసింది. నెల తిరక్కుండా సంజాయిషీ అడుగుతూ తాఖీదు వచ్చింది. దానికీ జవాబు రాసింది.

లింగేశ్వరిని కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకు పిలిచారు. జాలిపడి పిలిచుంటారనుకున్నాను. ఆఖరి జాబితాలో ముప్పై తొమ్మిదో పేరుగా సీటిచ్చారు. అదీ పొరపాటేమోననుకున్నాను. బుద్ధి ఒక్కరోజులో మారుతుందా?

తర్వాత ఎవరి నకలు మీద వాళ్ళే సంతకం పెట్టుకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. నా అక్షరాలూ అప్పటికే అరిగిపోయాయి. తుప్పు సూదుల సొరుగులో పడ్డాను. ఒకసారి సెలవుల్లో ఓబులేసు సొరుగు బోర్లించి ఊడుస్తుంటే, డాక్టరమ్మను చూడ్డానికి వచ్చిన లింగేశ్వరి నన్ను ఏరుకుంది. తీసుకుపోనా మేడం అని అడిగి సంచిలో వేసుకుంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు ఆమె హాస్టలు బల్ల మీద ఉన్నాను. రోజూ సాయంత్రం కొత్త నోటుపుస్తకంలో ఏదో రాసి, ఫ్యాను గాలికి పేజీలు లేవకుండా నన్ను బరువు పెట్టి వెళుతుంది. కొట్టమని ఎవరూ అడగరు గనక తీరిగ్గా చదువుతాను. ఇంతవరకూ ఒక్క తప్పు దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను.