దీవెనకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి

కొండ మాచిపత్రి పూతకొచ్చిన సంగతి మా కొచ్‌కోర్ లోయలో గొర్రెలకంటే ముందు మా మామగారి ముక్కుకు తెలుస్తుంది. ఆగస్టు సగం గడిచిందంటే చాలు, తుమ్ము మీద తుమ్ము, కళ్ళ నిండా నీళ్ళు, ముక్కు దిబ్బడ. నేను ఆయన్ని అటా అంటాను, నాన్న అన్నమాట. అసలు పేరు మాత్రం ఇక్కడ కూడా చెప్పను. కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు, ఆయన ఎదుట గొంతు పెంచకూడదు, నలుగురిలో ఆయన మాటకు అడ్డు రాకూడదు. అందుకే ఊళ్ళో నాకు నోట్లో నాలుక లేని పిల్లనని పేరు. లోపల ఎంత పొడుగు నాలుక ఉందో మా ఆయన కుబాన్‌ని అడగాలి.

ఆ రోజు మా అబ్బాయి తిలెక్‌కి బంధం తెంచే పండగ. కొత్తగా నడక వచ్చిన పిల్లాడి కాళ్ళకు నలుపూ తెలుపూ కలిపి పేనిన తాడు కట్టి, పరుగుపందెం పెట్టి, గెలిచినవాళ్ళ చేత దాన్ని కోయిస్తాం. కోసినవాళ్ళ గుణమే పిల్లాడికి వస్తుందంటారు. అంతకుముందు ఇంటి పెద్ద దీవెన చెప్పాలి. అత్తయ్య పోయాక మా ఇంట్లో ఇదే మొదటి శుభకార్యం. అటా ఆ దీవెనను కొన్నాళ్ళుగా పశువుల కొట్టంలో ఒంటరిగా నిలబడి చెప్పుకుంటున్నారు. ప్రతిసారీ సగంలో తుమ్ము. నలుగురిలో కూడా ఇలాగే ఆగిపోతే ఎలాగని ఆయన దిగులు.

నా దిగులు వేరు. వసంతంలో బీపీ పెరిగి, గుర్రం జూలు పట్టుకుని నిలబడలేక ఆయన నేల మీదికి జారిపోవడం నేను కళ్ళారా చూశాను. పట్నం ఆసుపత్రి నుంచి వచ్చాక ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే గుల్‌షైర్ అక్క నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది.

“మీరిమ్, మాచిపత్రి పూసే రోజుల్లో ఈయన ఎవరేదిస్తే అది మింగుతాడు. ఉత్త అలర్జీ మాత్రయితే నేను చూసి ఇస్తా. ముక్కు దిబ్బడ మందు కూడా కలిపి చేస్తారు చూడు, అది మాత్రం వద్దు. బీపీని ఎగదోస్తుంది. వేణ్ణీళ్ళలో కలుపుకునే జలుబు పొడుల్లో కూడా అదే ఉంటుంది. పైన రాసింది చదవకుండా ఏదీ ఇవ్వకు.”

నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

పొద్దున్నే ముసలాళ్ళంతా వచ్చి దుప్పట్ల మీద కూర్చున్నారు. అటా పక్కన షైంబెక్. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు. మాలో ఈడువాళ్ళు ఎంత తిట్టుకుంటే అంత ప్రేమ.

“ఒరేయ్, నీ తుమ్ములకి మా గాడిద పలుపు తెంచుకుందిరా!”

“నీ గొంతు వినబడక బెంగపెట్టుకుని ఉంటుంది. తోబుట్టువులు కదా,” అన్నారు అటా, మరో తుమ్ము తుమ్మి.

“సరేలే, ఇదిగో. మా అల్లుడు పట్నం నుంచి తెచ్చాడు. అలర్జీకీ దిబ్బడకీ రెండింటికీ ఒకటే మాత్ర. పొద్దున నేనొకటి వేసుకున్నా, ముక్కు చూడు, కోట తలుపుల్లా తెరుచుకుంది. నువ్వు రెండేసుకో.”

“నిన్న నువ్విచ్చిన పొడి పొద్దున చాయ్‌లో తాగా. ఏం పనిచేసింది, నా మొహం!”

“అందుకే రెండంటున్నా.”

సమోవార్ దగ్గర చాయ్ పోస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ పొడి సంగతి నాకు తెలియనే తెలియదు. ఇప్పుడు దాని మీద రెండు మాత్రలు, పైగా మింగడానికి గిన్నె నిండా కుమిస్, గుర్రప్పాలు పులియబెట్టిన మత్తు పానీయం. కుబాన్ బయట మాంసం వండే కళాయి దగ్గర ఉన్నాడు, పిలిచి తెచ్చేంత వ్యవధి లేదు. నేను వద్దంటే అటా పౌరుషానికి పోయి ఇంకా తొందరగా మింగుతారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు, అందులోనూ ఈడువాళ్ళ మధ్య కూర్చున్న మొండివాడు.

నాకు భయమేసింది. కొత్తకోడలిగా నేను కాల్చిన మొదటి రొట్టె మాడిపోతే, ఎవరూ చూడకముందే మాడిన ముక్కలన్నీ తన వైపు లాక్కుని తినేసిన మనిషి ఆయన. ఈ ఇల్లు నాకు ఇల్లయింది ఆయన వల్లే.

మాత్రలు నోటి దాకా వెళ్ళాయి. నేను గిన్నెల మీంచి దాటుకుంటూ వెళ్ళి ఆయన ముందు రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి వంగాను. కోడలు వంగితే పెద్దలు దీవించకుండా ఉండకూడదు. చేతులు ఖాళీగా లేకపోతే దీవెన తగలదన్నది అటా పట్టింపు. చేతిలో కళ్ళెం ఉన్నా కింద పెట్టి మరీ దీవిస్తారు.

అనుకున్నట్టే మాత్రలూ గిన్నే కింద పెట్టి, రెండు అరచేతులూ చాచారు.

“నీ పొయ్యి ఎప్పుడూ ఆరకూడదు కోడలా, నీ గడప...”

తుమ్ము వచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకునేలోగా మాత్రలు నా గుప్పిట్లోకి వచ్చేశాయి.

అటా కింద వెతికి, తలెత్తి నా గుప్పిటి వైపు చూశారు. గది గదంతా చూసింది.

“పొడిలో ఉన్నదే ఇందులోనూ ఉంది అటా,” అన్నాను. “మీకు పడదంది గుల్‌షైర్ అక్క. వసంతంలో లాగా మళ్ళీ అయితే... నా వల్ల కాదు అటా.”

“కోడలికి నోరొచ్చిందిరోయ్!” అన్నాడు షైంబెక్.

అటా నవ్వలేదు. ఛాతీ మీద చెయ్యి ఆనించి మెల్లగా అన్నారు. “పొద్దున్నుంచీ గుండె దడదడలాడుతోందిరా. పండగ కదా, చెప్పడమెందుకని ఊరుకున్నా.”

కబురందగానే కుబాన్ కళాయి వదిలేసి ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తాడు. గుల్‌షైర్ అక్క వచ్చి పట్టీ కట్టి చూసేసరికి బీపీ నూట ఎనభై దాటింది. గుండె నొప్పి ఉందా, తలనొప్పి ఉందా, చూపు మసకేసిందా అని అడిగింది. లేదన్నారు.

“ఒంటేలు సరిగా వస్తోందా?”

అటా నా వైపు చూశారు. నేను కిటికీ తెర మీది కుట్టుపనిని ఎన్నడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాను. వెనకాల ఆయన రావట్లేదని గుసగుసగా చెప్పడం వినబడింది.

“అదీ ఆ పొడి పనే,” అంది అక్క. “ఇంతకీ ఎవరిచ్చారు?”

షైంబెక్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. “నాకు బాగానే పడిందమ్మా.”

“నీకు బీపీ లేదు మరి! నీ బూట్లు ఈయన కాళ్ళకి పడతాయా? పైగా దాంతో మత్తుగా ఉంటుంది. నువ్వివాళ కుమిస్ ముట్టకు, గుర్రం ఎక్కకు.”

“పండగ పూట కుమిస్ లేకుండానా?” అంటూనే గిన్నె పక్కవాడికిచ్చి, గోడకు చేరబడి ఆవులించాడు.

పట్నం వెళ్ళేందుకు కారు గుమ్మంలోనే ఉంచమంది అక్క. అటాను పడుకోబెట్టి, కిటికీలు మూయించి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడిగించింది. ఆయన బీపీ మందులేవో చూసుకున్నాకే ఉత్త అలర్జీ మాత్ర ఒకటిచ్చింది. మళ్ళీ మళ్ళీ పట్టీ కట్టి చూసింది. ఒక్క అతిథి కూడా కదల్లేదు. పొద్దు వాలేసరికి బీపీ దిగింది. అప్పుడు గాని నేను సరిగా ఊపిరి తీసుకోలేదు.

బయట మాచిపత్రి గాలి కాబట్టి పండగ లోపలే చేశాం. తిలెక్‌ని కాళ్ళకు తాడుతో కంబళి మీద నిలబెట్టాం. అటా దిండుకు ఆనుకుని కూర్చుని, అరచేతులు చాచి, మొదటి నుంచి చివరి దాకా తుమ్మకుండా దీవెన చెప్పారు. తర్వాత కత్తి చేతిలోకి తీసుకున్నారు. పందెం ఎప్పుడు పెడతారని పిల్లలు గోల చేశారు.

“పందెం పొద్దునే అయిపోయింది,” అన్నారు అటా. “మాత్ర నా నోట్లో పడేలోగా సమోవార్ దగ్గర్నుంచి నా ముందుకొచ్చి నిలబడిందెవరు? ఇదిగో, కత్తి అందుకో.”

కన్నతల్లి కోయడమేమిటని ఆడవాళ్ళు గుసగుసలాడారు.

“ఇచ్చెయ్యరా,” అన్నాడు షైంబెక్ మూలలోంచి, కళ్ళు తెరవకుండానే. “గెలిచింది నీ కోడలే.”

“వీడికి ఈమె గుణమే రావాలి,” అన్నారు అటా.

తాడు కోశాను. తిలెక్ ఊగి, తూలి, నా వైపు కాకుండా తాత వైపు నడిచి, ఎర్రబడ్డ ఆయన ముక్కును గట్టిగా పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని అటా చొక్కా జేబులోంచి మిగిలిన పొడి పొట్లాలన్నీ తీసి నా చేతిలో పెట్టారు.

“వీటిని పారెయ్. ఇకమీదట నాకు ఏ మందైనా నీ చేతి మీదుగానే,” అన్నారు. “నేను మొండికేస్తే నలుగురిలో అయినా సరే, గట్టిగా అరిచెయ్ కూతురా.”

అప్పటిదాకా ఎప్పుడూ కోడలా అనే పిలిచేవారు. నేను అరవలేదు గాని, నలుగురి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఏమైందని అడిగినవాళ్ళకి, మాచిపత్రి నాకూ పడదని చెప్పాను.